కుడికాలు ముందు

మా ఊళ్ళో నన్ను కరాటే మాస్టారంటారు. నేను నేర్పేది జూడో. మొదట్లో విడమరిచి చెప్పేవాణ్ణి. కరాటేలో గుద్దుతారు, తంతారు. జూడోలో పట్టుకుంటారు, పడేస్తారు, అన్నిటికంటే ముందు పడడం నేర్చుకుంటారు అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. బడి వార్షికోత్సవం దగ్గర పడేసరికి హెడ్మాస్టర్లు పెంకులు పగలగొట్టే ఐటమ్ ఒకటి పెట్టమనేవారు. మాకు పెంకులతో పనిలేదండీ అంటే, "పెంకులు మేం తెప్పిస్తాం కదా మాస్టారూ" అనేవారు. కొన్నేళ్ళకి నాకే విసుగొచ్చింది. కరాటే అంటే కరాటేనే, సరే అనుకున్నాను. పొద్దున్న ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి, వాటి మధ్య ప్యాసింజరు కోసం చీపురుపల్లి స్టేషన్లో ఎదురుచూపులు. మనిషి అలిసిపోవడానికి పెద్ద కష్టాలేం అక్కర్లేదు, ఇవి చాలు.

నా దగ్గరికి వచ్చిన పిల్లలకి చాలాకాలం పడడమే నేర్పుతాను. గడ్డం గుండెకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు. వెన్ను గుండ్రంగా చెయ్యాలి. ఊపిరి బిగపట్టకుండా వదలాలి. నేల తగిలే క్షణంలో అరచేత్తో, మోచేతిదాకా, నేలని చరచాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. జపాన్ వాళ్ళు దీన్ని ఉకెమి అంటారు. పడేసేవాడికంటే పడేవాడికే ఎక్కువ చదువు కావాలని, విశాఖలో నాకు నేర్పిన మాస్టారు అనేవారు. తల్లిదండ్రులకి మాత్రం ఇది ఎక్కేది కాదు. ఒకాయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఏటి మాస్టారూ, ఇన్నాళ్ళనించి మావోడు పడతన్నాడే గానీ ఎవుల్నీ పడెయ్యట్నేదు" అన్నాడు. పడెయ్యడానికి తొందరేముంది, పడేరోజు మాత్రం చెప్పి రాదు అన్నాను. ఆయన పిల్లవాణ్ణి మాన్పించి ట్యూషన్లో వేశాడు.

మా ఇల్లు బజారు వీధిలో ఉంది. ముందు పప్పుదినుసుల కొట్టు, మధ్యలో కాపురం, వెనక గిడ్డంగి. మా నాన్న కాలంలో గిడ్డంగి నిండా బస్తాలుండేవి. లారీలు ఊళ్ళోకి రాకుండా పెద్ద పట్నాలకే పోవడం మొదలయ్యాక సగం ఖాళీ అయింది. ఆ ఖాళీ సగం నాకిమ్మని అడిగాను. "తూకం ఏసే ఇంట్లో పుట్టినోడివి, నీకు కుస్తీలేటిరా" అన్నాడు గానీ, ఇచ్చాడు. పాత గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి, కుట్టించి, పైన టార్పాలిన్ పరిచాను. అదే మా జూడో హాలు. కొత్తగా వచ్చినవాళ్ళు నాలుగురోజులు కందిపప్పు దుమ్ముకి తుమ్ముతారు. తరవాత అలవాటు పడతారు.

నా భార్య నాకు మేనమామ కూతురు. పెళ్ళికి ముందునుంచీ బావా అని పిలవడం, నువ్వు అనడం అలవాటు. తరవాత కూడా మారలేదు. నాకు వ్యాపారం చేతకాదని మా నాన్నకి త్వరగానే అర్థమైంది. ఆమెకి చేతనవునని అంతకంటే త్వరగా అర్థమైంది. తనే ఆమెని తీసుకెళ్ళి గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. కోడల్ని వీధికెదురుగా కూర్చోబెడతారా అని బజారంతా గుసగుసలాడింది. ఆయన వినలేదు. ఆమె అసలే వినలేదు. బేరాల దగ్గర ఆమె నోరు ఊరికంతా తెలుసు. రెండోసారి ధర అడిగితే బస్తా మూతి ముడిచేసేది. "నచ్చితే పట్టుకెల్లు, నేకపోతే సూసి ఎల్లు. సూడ్డానికి డబ్బుల్నేవు" అనేది. అయినా జనం వచ్చేవారు. తూకంలో మోసం ఉండదని వచ్చేవారు. ఆమె చేత నాలుగు మాటలు పడడానిక్కూడా వచ్చేవారనుకుంటాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంటికీ కొట్టుకీ మధ్య తలుపు ఉంది, రోజంతా అందులోంచే తిరుగుతాం. పొద్దున్న మొదటిసారి మాత్రం గల్లాలో కూర్చునే మనిషి ఆ తలుపులోంచి రాకూడదు. పక్క సందులోంచి వీధిలోకి వెళ్ళి, వీధిలోంచి కుడికాలు ముందు పెట్టి, మెట్టంత ఎత్తున్న కొట్టు గడప దాటాలి. మా నాన్న అలాగే చేశాడు, వాళ్ళ నాన్నా అలాగే చేశాడట. వాన పడుతుంటే నా భార్య గొడుగు వేసుకుని మరీ చుట్టు తిరిగి వచ్చేది. చెప్పులు కింద విడిచి, కుడికాలు లోపల పెట్టి, వంగి గడపని తాకి కళ్ళకద్దుకునేది.

పక్కగదిలోకి వెళ్ళడానికి ఊరేగింపేమిటని ఒకసారి నవ్వాను. ఆమె ఊరుకోలేదు. "నువ్వు గోనెసంచులకి వంగి వంగి దండం ఎట్టట్నేదా? ఎట్టనోల్లని తిట్టట్నేదా? నా గడపకి నానెట్టకూడదేటి?" అంది. నిజమే. జూడో హాల్లోకి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ వంగి నమస్కరించాలి. చాప మీద కాలు పెట్టే ముందు బయటి గోలంతా బయట వదిలెయ్యడానికి అది గుర్తు. వంగని పిల్లల్ని నేను వెనక్కి పంపేసేవాణ్ణి. కాఫీ అడిగాను.

పెద్ద తుపాను మా జిల్లాలని ఊడ్చిపెట్టిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, ఒక పొద్దున్న ఆమె చింతపండు పొట్లం కడుతోంది. పొట్లం కుడిచేతిలోంచి జారిపోయింది. తీసి మళ్ళీ కట్టింది, మళ్ళీ జారింది. పొట్లాన్ని తిట్టింది. ఆ తిట్టు ముద్దగా వచ్చింది. కొట్టులో ఎప్పటినుంచో పనిచేస్తున్న ముసలి గుమస్తా నన్ను కేకేశాడు. నేను వచ్చేసరికి ఆమె గల్లా మీద కుడివైపుకి ఒరిగిపోయి ఉంది. విశాఖ తీసుకెళ్ళాం. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి వేలాడిపోయింది, కుడికాలు నేలమీద ఈడ్చుకుపోయేది. మాట మాత్రం అన్నిటికంటే ముందు తిరిగొచ్చింది. అందుకు ఆశ్చర్యపోయినవాళ్ళెవరూ లేరు.

మాట రాగానే ఆమె అడిగింది ఒక్కటే. గల్లా. గుమస్తా నమ్మకస్తుడే గానీ ముసలివాడు, బేరం గట్టిగా చెప్పలేడు. నేను అక్కడ కూర్చుంటే వచ్చినవాళ్ళు కరాటే గురించి అడిగి వెళ్ళిపోయేవారు. ఎత్తుకెళ్ళి కూర్చోబెడతాను పద అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నానేటి మూటనా, దింపడానికి? మూటలా దిగిన మనిసి మూటలకి ధర సెప్తాదేటి? ఎప్పుడెల్లినా నా కాల్లతో, ఈదిలోంచి, కుడికాలెట్టే ఎల్తాను." పోనీ ఈ మధ్య తలుపులోంచి మెల్లగా రండమ్మా అన్నాడు గుమస్తా. దొడ్డిదారిన వచ్చినదాన్ని లచ్మి అనరు అని వాడి నోరు మూయించింది. అప్పుడే నాకు తెలిసింది, ఆమె మళ్ళీ గల్లాలో కూర్చోకపోతే ఇక మంచం దిగదని. మంచం దిగని ఆ మనిషితో బతకడం నావల్ల కాదని కూడా తెలిసింది.

మాకు పిల్లలు లేరు, అమ్మా నాన్నా అప్పటికే పోయారు. లేపడం, కూర్చోబెట్టడం, బాత్రూముకి తీసుకెళ్ళడం అన్నీ నావే. జూడోలో మనిషిని చేతులతో ఎత్తరు. బొడ్డు కింద, నాలుగు వేళ్ళ వెడల్పు దిగువన, మన బరువంతా కూర్చునే చోటు ఒకటుందని అనుకోమంటారు. నీ చోటు ఎదుటివాడి చోటుకంటే కిందికి చేర్చు, ఎంత లావుపాటి మనిషైనా తేలిపోతాడు. తక్కువ బలంతో ఎక్కువ పని. ఇవన్నీ పిల్లలకి రోజూ చెప్పేవే. ఇంట్లో మాత్రం పనిచెయ్యలేదు. లేపించుకోవడం ఇష్టంలేని మనిషి బరువు రెట్టింపవుతుంది. నేను వంగగానే ఆమె ఒళ్ళంతా బిగించి గోడవైపు తిరిగేది. లేపు అని ఒక్కసారి కూడా అడగలేదు. దాహం వేసినా అడిగేది కాదు. ముఖం చూసి నేనే ఊహించుకోవాలి. ఊహ తప్పితే తిట్లు.

అలిసినప్పుడు భుజాలు పైకి లేస్తాయి. భుజాలు లేచాయంటే ఊపిరి పైకి లేచిందని, మనసు కూడా పైకి లేచిందని మా మాస్టారు చెప్పేవారు. ఆ మాట చెప్పి రెండు చేతులతో మా భుజాల్ని కిందికి నొక్కేవారు. ఆ ఏడాది నా భుజాలు చెవుల దాకా వచ్చాయి. బడిలో పిల్లల మీద అరిచేవాణ్ణి. రైల్లో నిలబడే నిద్రపోయేవాణ్ణి. ఇంటికొచ్చి ఆమె మీద అరిచి, ఆమె చేత అరిపించుకుని, వాకిట్లో కూర్చునేవాణ్ణి. గుమస్తా టీ గ్లాసు తెచ్చిచ్చి, "పడండి బాబూ. పడ్డోలు సెడ్డోలు కారు" అనేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు రెండుచోట్లా ఓటమే.

విజయనగరం నుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకతె రైల్లో వచ్చేది. చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. కాళ్ళూ చేతులూ కదిలించి, గోడ పట్టించి నిలబెట్టి, ఎండాకాలం అయ్యేసరికి వాకర్ సాయంతో నాలుగడుగులు వేయించింది. మెట్టు ఎక్కడం దగ్గర ఇద్దరికీ చెడింది.

"ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు. ఇదొక్కటి గుర్తెట్టుకోండాంటీ. మీకు ఎడమకాలు మంచిది కాబట్టి ఎక్కేటప్పుడు ఎడమే ముందు."

"నాకు సెడ్డకాలు నేదమ్మా. నీరసపడ్డ కాలున్నాది. కొట్టులోకి ఎడంకాలు ముందెట్టమంటావేటి?"

"ఎవరు చూస్తారాంటీ?"

"గడప సూస్తాది."

ఆ అమ్మాయి నావైపు చూసింది. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు లేదు. బలం ఉన్న కాలే ఒంటిని పైకి లాగాలి. నీరసపు కాలు పైనపెట్టి దానిమీద లేవబోతే మోకాలు మడతపడుతుంది. నా భార్య చెప్పినదాంట్లోనూ తప్పు కనపడలేదు నాకు. ఇంతకాలం రోజూ కుడికాలు పెట్టిన గడప అది. ఒంటిలో సగం ఆమె మాట వినడం మానేసింది. ఆ గడప దగ్గర కూడా ఓడిపోవడం ఆమెకి ఇష్టంలేదు.

నేను బడికి వెళ్ళిన ఒక పొద్దున్న ఆమె తనంతట తానే పెరట్లో కుళాయి దగ్గరి మెట్టు మీద ప్రయత్నించింది. కుడికాలు ముందు. మోకాలు మడతపడింది. కట్టె పడ్డట్టు పడింది. మణికట్టు వాచింది, కనుబొమ్మ చిట్లింది. ఎముకలు విరగలేదని డాక్టరు చెప్పాడు. విరిగింది వేరే. ఆ తరవాత ఆమె పడకగది గుమ్మం కూడా దాటలేదు. వాకర్ పట్టుకుని నిలబడేది, కుడిమోకాలి వైపు చూసేది, మళ్ళీ కూర్చుండిపోయేది.

నాకు ఆ చూపు తెలుసు. పోటీల్లో చాలామంది ముఖాల్లో చూశాను. ఎదుటివాడి చెయ్యి మీద దృష్టి పెట్టినవాడి మనసు ఆ చేతి దగ్గరే కూర్చుండిపోతుంది. కాలి మీద పెట్టినవాడిది కాలి దగ్గర. కూర్చున్న మనసుని పడెయ్యడం తేలిక. అన్నిటినీ చూస్తూ ఎక్కడా ఆగకుండా ఉండాలి, నేర్చుకున్న విద్యలో ఇదే అన్నిటికంటే కష్టం. ఆమె మనసు కుడిమోకాలి దగ్గర చతికిలపడింది. పడతానేమో, పడతానేమో. ఆ భయం ఒళ్ళంతా బిగించేస్తుంది. బిగిసిన ఒళ్ళు నిజంగానే పడుతుంది.

ఈలోగా చుట్టాలు వచ్చి తలో మందూ చెప్పారు. పావురం నెత్తురు రాస్తే కాలు లేచి నిలబడుతుందని ఒకావిడ ఒట్టేసి చెప్పింది. చీమకి చక్కెర వేసే ఇల్లు మాది. "పావురాన్ని పడగొట్టి నన్ను నిలబెడతారేటి? ఎల్లండెల్లండి" అంది నా భార్య. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు కప్పు వైపు చూస్తూ పడుకుంది. గిడ్డంగిలోంచి పిల్లలు పడుతున్న చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. నా శిష్యుల్లో పెద్దవాడొకడు చేయిస్తున్నాడు. నేను మంచం పక్కన కునుకుతున్నాను.

"బావా" అంది. "ఆ పిల్లలు అన్నిసార్లు పడతారు కదా. ఏడుపొక్కటీ ఇనపడదేటి?"

"పడడం వచ్చు కాబట్టి."

"ఊరోల్ల పిల్లలందరికీ నేర్పేవు. నాకు నేర్పవేటి?"

ఒళ్ళు మండింది. నీకు నిలబడడం రావాలి గానీ పడడం ఎందుకే అన్నాను. ఆమె కప్పు వైపునుంచి చూపు తిప్పలేదు. "నిలబడ్డం నాకు ముందే వచ్చు. పడ్డమే రాదు. అది రాకే నిలబడనేకపోతన్నాను" అంది. నా దగ్గర ఏళ్ళతరబడి నేర్చుకున్నవాళ్ళలో ఎవరూ ఈ మాట అనలేదు. నేను లేచి కొట్టులోకి వెళ్ళి, ఖాళీ గోనెసంచులు ఇంకొన్ని తెచ్చి, ఇంకో చాప కుట్టించాను. రెండు చాపలు ఒకదానిమీద ఒకటి వేస్తే బాగా మెత్తగా ఉంటుందని.

ఫిజియో అమ్మాయి విని హడలిపోయింది. పక్షవాతం మనిషిని పడేస్తారా మాస్టారూ, మీకేమైనా మతిపోయిందా అంది. పడెయ్యను, కూర్చున్నచోటినుంచి దొర్లిస్తాను అన్నాను. చివరికి ఆ అమ్మాయి కొన్ని కట్టుబాట్లు పెట్టింది. కుడిచెయ్యి పనిచెయ్యదు కాబట్టి దాన్ని ఎడమచేత్తో పొట్టకి అదుముకోవాలి, తల కింద ఎప్పుడూ నా చెయ్యి ఉండాలి, తను ఉన్నప్పుడే చెయ్యాలి. సరేనన్నాం. నైటీ మీద నా పాత జూడో కోటు వేశాను. పట్టుకోవడానికి చొక్కా పనికిరాదు, చిరిగిపోతుంది. ఆ కోటు దుప్పటంత దళసరి. చాప ముందు ఆమె ఆగింది. గోడకి ఆనుకుని, తల కొంచెం వంచింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పైకి మాత్రం గడ్డం గుండెకి ఆనించు అన్నాను.

మొదట పడుకోబెట్టి తల ఒక్కటి ఎత్తడం. తరవాత కూర్చుని వెనక్కి దొర్లడం. తరవాత పక్కకి. తరవాత నిలబడి, కూర్చోబోతున్నట్టు కిందికి కరిగి దొర్లడం. "ఎక్కడ పడతావో చూడకు, ఊపిరి వదులు" అని నేను, "నువ్వు అరవకు, నాను ఒగ్గతన్నాను" అని ఆమె. మొదటిసారి దొర్లినప్పుడు కళ్ళు తెరిచి చుట్టూ చూసుకుని, "ఇంతేనా?" అంది. ఇంతే. ఇంతకే మనుషులు బతుకంతా భయపడతారు.

అడుగుకీ ఆ రోజుల్లోనే దారి దొరికింది. వేసే కాలు గురించి ఆలోచించకు, నిలబడ్డ కాలు మీద పూర్తిగా నిలబడు, రెండోది దానంతటదే ఖాళీ అవుతుంది అని చెప్పాను. ఇది పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. ఆమెకి ఒక్కసారే చెప్పాను. "తక్కెడలో ఒక పల్లెం దిగితేనే కదా రెండోది లేస్తాది" అంది. ఎడమకాలి మీద బరువంతా దింపింది. ఈడ్చుకుపోయే కుడికాలు నేలనుంచి బెత్తెడు లేచింది. కానీ మెట్టు మీద అది సరిపోదు. లేచిన కాలు పైన పెట్టాక, దానిమీద బరువు వెయ్యక తప్పదు. అక్కడ ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

ఇంకొక చిక్కు నావల్ల వచ్చింది. జూడోలో ఒకణ్ణి పడేసేటప్పుడు వాడి కోటు చెయ్యి వదలకూడదు. నేల తగిలే ముందు కొంచెం పైకి లాగాలి. నిన్ను నమ్మి ఒళ్ళు ఇచ్చినవాణ్ణి క్షేమంగా దింపడం నీ పూచీ అని మాస్టారు చెప్పేవారు. ఎదుటివాడు లేకపోతే నీకు విద్యే లేదు. నా చేతికి అది ఎముకలోకి ఇంకిపోయింది. ఆమె దొర్లిన ప్రతిసారీ ఆ కోటు చెయ్యి పైకి లాగుతున్నాను. సగం బరువు నేనే మోస్తున్నాను. కొన్నాళ్ళకి ఆమె కనిపెట్టేసింది.

"నాను పడట్నేదు. నువ్వు దింపతన్నావు. సెయ్యి ఒగ్గీ."

ఒగ్గను అన్నాను. ఒగ్గమంది. దెబ్బ తగిలితే ఎవరు చేస్తారే, మళ్ళీ మొదటినుంచీ నేనే కదా చెయ్యాలి, నా తల ప్రాణం తోకకొచ్చింది, నావల్ల కాదు అని అరిచేశాను. ఫిజియో అమ్మాయి గుమ్మంలోంచి అవతలికి వెళ్ళిపోయింది. నా భార్య చాప మీద కూర్చుని నన్ను చూసింది. కోపంగా కాదు. బస్తాలో పప్పు పుచ్చిపోయిందని తెలిసినప్పుడు గుమస్తాని చూసినట్టు చూసింది. "అలిసిపోనావు బావా" అంది. "అందుకే ఒగ్గీమంతన్నాను." ఆ రోజుకి చాపలు మడిచేశాం.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక శుక్రవారం. పొద్దున్నే లేచి తల దువ్వించుకుంది. పొందూరు ఖద్దరు చీర కట్టమంది. జారని గుడ్డ అని దాన్నే ఎంచుకుందట. దానిమీద జూడో కోటు. నేను వద్దన్నాను, బజారంతా నవ్వుతుందని. "నవ్వనీ. నవ్వొచ్చినోడు ఓ కిలో ఎక్కువ కొంతాడు" అంది. వాకర్ పట్టుకుని పక్క సందులోంచి వీధిలోకి రావడానికే చాలాసేపు పట్టింది. గుమస్తా అప్పటికే తలుపులు తీసి, నీళ్ళు చల్లి, లోపల రెండు గోనెసంచులు పరిచి ఉంచాడు. నేను చెప్పలేదు. ఆమె చెప్పి ఉంటుంది.

సముద్రం వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి మా సంతలో అమ్ముకునే ఆమె ఒకతె, బుట్ట అవతలి అరుగు మీద పెట్టి, చింతపండు కోసం మా కొట్టు ముందు నిలబడి ఉంది. గల్లా ఖాళీ అయిన నాటినుంచీ వచ్చినప్పుడల్లా అమ్మ ఎప్పుడొస్తాదని అడిగేది. ఇప్పుడు చూస్తూ పక్కకి జరిగింది.

నా భార్య వాకర్ నాకిచ్చింది. ఎడమచేత్తో గుమ్మం చెక్క పట్టుకుంది. నేను కోటు చెయ్యి పట్టుకున్నాను. ఎడమకాలి మీద బరువు దింపింది. కుడికాలు లేచింది. లేచి, గడప మీదుగా గాలిలో వణుకుతూ ఆగింది.

"బావా, సెయ్యి ఒగ్గీ."

నా వేళ్ళు రావడం లేదు. నిజంగా రావడం లేదు. ఇరవై ఏళ్ళ పైబడి అవి ఒక్కటే నేర్చుకున్నాయి. చేతిని కాకుండా భుజాల్ని దింపాను. ఊపిరి వదిలాను. అప్పుడు వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

ఆమె కుడికాలు గడపకి అవతల దిగింది. ఆమె దానిమీద నిలబడింది. ఒక క్షణం నిలబడింది, నేను చూశాను. తరవాత మోకాలు మడతపడింది. ఆమె చెయ్యి గుమ్మాన్ని వదిలి, వేలాడుతున్న కుడిచేతిని పొట్టకి అదుముకుంది. గడ్డం గుండెకి ఆనింది. ఒళ్ళు కరిగినట్టు కిందికి దిగి, తుంటి, వీపు, భుజం ఒకదాని తరవాత ఒకటి గోనెసంచుల మీద దొర్లాయి. పప్పు దుమ్ము లేచింది.

"అమ్మ పడిపోనాది, పట్టుకోండి బాబూ" అంది చింతపండు కోసం వచ్చిన ఆమె. గుమస్తా ముందుకి రాబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పడేశాక వెంటనే తలతిప్పేసుకోకూడదని మాకు నేర్పారు. పని అయిపోయినా మనసు అక్కడే ఉండాలి, ఎదుటి మనిషి ఏం చేస్తాడో చూస్తూ. నేను ఎప్పుడూ అంత మెలకువగా లేను. పరుగెత్తి ఎత్తుకోవాలని ఒళ్ళంతా లాగింది. ఎత్తుకోలేదు.

ఆమె నేలమీద పడుకుని కొట్టు పైకప్పుని చూస్తోంది. ఊపిరి మామూలుగానే ఉంది. తల ఎత్తి ముందు తన కాళ్ళని చూసుకుంది. ఎడమకాలు ఇంకా గడపకి ఇవతల, వీధివైపు ఉంది. కుడికాలు లోపల, మడతపడి, సంచుల మీద ఉంది.

"ఏ కాలు ముందొచ్చినాది?" అని అడిగింది.

"కుడికాలే."

"నువ్వు సూసేవా?"

"చూశాను. నిలబడ్డావు కూడా."

వీధిలోకి చూసి, చింతపండు కోసం నిలబడ్డ ఆమెని చూసి, గల్లా వైపు చూసింది. తరవాత ఎడమచెయ్యి నావైపు చాపింది.

"అయితే నన్ను లేపు బావా. బోణీకి వచ్చినామె నిలబడే ఉన్నాది."